తలుపు పలక గడియారం

పోయిన ఏడాది మాఘమాసంలో మా పల్లె ఇల్లు పడగొట్టినాం. మన బంధువులకంతా ఆ కబురు అప్పుడే తెలిసింది, ఫోటోలు కూడా చూసినారు. మట్టి గోడలు, మట్టి మిద్దె, వానొస్తే నాలుగు చోట్ల తపేలాలు పెట్టాల్సిన ఇల్లు. దాన్ని నిలబెట్టుకోవాల్సిందని నేను అనను. ఆ ఇంట్లో కాపురముండేది చిన్నాయన, పిన్ని. కారే మిద్దె కింద వాళ్ళు పడుకుని, బెంగళూరులో ఉండే నేను పాతిల్లు పోయిందే అని బాధపడితే అది న్యాయం కాదు.

నేను చెప్పబోయేది ఆ ఇంటి వీధి తలుపులో ఒక పలక గురించి. అది ఇప్పుడు మా హాల్లో గోడ గడియారమై ఉంది. ఎట్ల చేసినావని ఉగాదికి వచ్చినోళ్ళంతా అడిగినారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పినాను. మొత్తం ఒక చోట ఉండనీ అని రాస్తా ఉన్నాను.

మా ఊరుండేది ముళబాగిలు పక్కన. ముళబాగిలు పేరే మూడల బాగిలు, అంటే తూర్పు వాకిలి. ఆ వాకిలికి ఇవతల కన్నడం, అవతల పలమనేరు, చిత్తూరు, తెలుగు అని పటంలో గీత ఉంది గానీ ఊర్లలో ఆ గీత ఎక్కడా కనిపించదు. డి.వి.గుండప్పగారు పుట్టిన ఊరు అదే. మా ఇంట్లో మాట తెలుగు, బడి కన్నడం. కైవారం తాతయ్య తెలుగు తత్వాలు మా అవ్వ పాడేది. ఇంట్లో ఉన్న పుస్తకంలో అవి కన్నడ అక్షరాల్లో ఉండేవి. తెలుగు పాటను కన్నడ లిపిలో చదవడం మాకు వింతగా ఎప్పుడూ అనిపించలేదు. సర్కారు బళ్ళో పదో తరగతి దాకా నేను తెలుగు అక్షరం రాయలేదు. నేర్చుకున్నది ఉద్యోగంలో చేరినాక, బస్సులో కూర్చుని. కన్నడం వచ్చినోళ్ళకు తెలుగు చదవడం కష్టం కాదు, తలకట్లకు కన్ను అలవాటు పడితే చాలు.

ఇల్లు పడగొట్టక ముందు వారం పాత సామాన్ల వ్యాపారి ఒకాయన వచ్చినాడు. దూలాలు, వాసాలు, కిటికీ చువ్వలు, అన్నీ చూసి వీధి వాకిలి దగ్గర నిలబడిపోయినాడు. ద్వారబంధం మీద చెక్కిన చిలకలు, తామర పువ్వు ఉండాయి గదా, దాని మీద ఆయన కన్ను. బంధం, రెండు తలుపు రెక్కలు కలిపి 22,000 అన్నాడు. రెక్కలకు చెక్కడం ఏమీ లేదు, వాటిని యాసిడ్‌తో కడిగి, రందా పట్టి, పాలిష్ చేసి హోటళ్ళకు భోజనాల బల్లలుగా అమ్ముతారంట. ఆయనే చెప్పినాడు.

రెక్కలు ఊడదీసి వాకిట్లో అరుగుకు ఆనించినారు. సాయంత్రం ఐదు, ఐదున్నర. ఎండ పక్క నుంచి, దాదాపు పలక వెంబడి పాకుతా వస్తా ఉంది. అప్పుడు కనిపించినాయి గీతలు. ఎడమ రెక్క లోపలి పక్క, మధ్య పలక మీద, పై అడ్డపట్టీకీ కింది అడ్డపట్టీకీ మధ్య, పలక కింది సగం నిండా. నలభై యాభై ఏండ్ల వంటింటి పొగ పట్టి ఆ పక్క నల్లగా, జిడ్డుగా ఉంది. ఆ నలుపును మేకు మొనతో గీకినట్టు సన్నటి గీతలు. ఎదురుగా నిలబడి చూస్తే ఏమీ లేదు. పక్కకు వంగి చూస్తే వరసలు వరసలు.

నాయనను పిలిచినాను. ఆయన చెయ్యి పెట్టి తడిమి, "ఇవి మా నాయన లెక్కలు పాపా. రాగులు బదులిచ్చేది ఈడ గీసేవాడు," అన్నాడు. చదవమంటే రాదన్నాడు. తాత చదివింది వీధిబడిలో, తెలుగు. నాయన చదివింది కన్నడం. అక్షరాలైతే కొన్ని పేర్లలాగా ఉన్నాయి, పూర్తి పేర్లు కూడా కాదు, మొదటి రెండక్షరాలు. వాటి పక్కన అంకెలు.

అంకెలు మాత్రం నేను చదివేసినాను, తడుముకోకుండా. ఎందుకంటే అవి కన్నడ అంకెల మాదిరే ఉన్నాయి. మా బడి పుస్తకాల పేజీలకు, లెక్కల పుస్తకాలకు, ఇంట్లో గోడకుండే క్యాలెండరుకు, రోడ్డు మీద ఆటోల నంబరు పలకలకు అవే అంకెలు చూసి పెరిగినదాన్ని. తెలుగు అంకెలకూ కన్నడ అంకెలకూ ఒకటి రెండు చోట్ల మెలిక తేడా, అంతే. ఒకప్పుడు రెండు భాషలకూ లిపి ఒకటే గదా. తమాషా ఏమంటే, తెలుగు దేశంలో తెలుగు అంకెలు ఎవరూ రాయడం లేదు. నా పక్క సీట్లో గుంటూరు అమ్మాయి ఉంది, తెలుగులో డిగ్రీ దాకా చదివింది, ఆ అమ్మాయికి నేను ౭ రాసి చూపిస్తే ఇదేందని అడిగింది. మా తాత తెలుగు అంకెలు చదవడానికి నాకు పనికొచ్చింది కన్నడ బడి.

అయితే ఒక చిక్కు. అంకెల పక్కన నిలువు గీతలు ఉన్నాయి. కొన్నిటికి ఒకటి, కొన్నిటికి రెండు, కొన్నిటికి మూడు. నాలుగు గీతలు ఎక్కడా లేవు. నాయన అవి తర్వాత ఇచ్చిన సేర్లను ఒక్కొక్కటి గీసుకున్నవి అయ్యుంటాయన్నాడు. చిన్నాయన తిరిగి కట్టిన కంతులు అన్నాడు.

నాలుగు గీతలు లేకపోవడం దగ్గరే నాకు వెలిగింది. మా ఆఫీసులో ఒక యాప్‌ను భారతీయ భాషల్లోకి తెచ్చినప్పుడు ఆ అక్షరాలన్నీ తెర మీద సరిగ్గా పడుతున్నాయా అని పరీక్ష చేసే పని నాకిచ్చినారు. అప్పుడు యూనికోడ్ పట్టికలో తెలుగు పేజీ గడి గడి చూసినాను. ఆ పేజీ చివర ఎవరూ వాడని గుర్తులు ఏడు ఉన్నాయి. 2008లో చేర్చినారు. పాత తెలుగు భిన్నాల గుర్తులు. ఒక నిలువు గీత అంటే కాలు, రెండు గీతలు అర, మూడు గీతలు ముక్కాలు. నాలుగు కాళ్ళు కలిస్తే ఒకటి అయిపోతుంది, ఇంక నాలుగో గీత ఎందుకు? అంతకన్నా చిన్నవి, పదహారో వంతులు, అంటే వీసాలు, అడ్డగీతలతో రాస్తారు. మళ్ళీ అవీ మూడే. మొత్తం నాలుగుల మీద నడిచే లెక్క. కాళ్ళ స్థానంలో ఏమీ లేకపోతే పెట్టే గుర్తుకు హళ్ళి అని పేరు. హళ్ళికి హళ్ళి సున్నకు సున్న అని మనం ఊరికే అనేస్తాం గదా, ఆ హళ్ళి ఇదే.

నమ్మడానికి సాక్ష్యం కావాలి. అది నా వృత్తి జబ్బు. ఒక వరస కింద అడ్డంగా పొడుగు గీత, దాని కింద ఇంకో అంకె ఉంది, అంటే మొత్తం. పైన నాలుగు పద్దులు: ౪ పక్కన రెండు గీతలు, ౨ పక్కన ఒకటి, ఉత్త ౬, ౩ పక్కన మూడు గీతలు. కింద ౧౬, పక్కన రెండు గీతలు. నాయన చెప్పినట్టు గీతకొక సేరు అనుకుంటే కూడితే 21 వస్తుంది. చిన్నాయన చెప్పినట్టు కట్టినవి తీసేస్తే 9. కాళ్ళు అనుకుంటే నాలుగున్నర, రెండుంకాలు, ఆరు, మూడుముక్కాలు, వెరసి పదహారున్నర. తాత గీసింది కూడా పదహారున్నరే. వాకిట్లో ఇటుకల మీద కూర్చుని ఫోనులో కూడినాను. నాయన నోటిలెక్కతో నాకన్నా ముందే కూడి, "అవునే, సరిపోయింది," అని ఆ పలకనే చూస్తా కూర్చున్నాడు. వాళ్ళ నాయన చేతిరాత ఆయన చూడడం అది మొదటిసారంట. కాగితం మీద తాత ఏమీ మిగల్చలేదు.

ఈ గుర్తులు ఎందుకు పోయినాయి అంటే నాకు తోచేది ఒకటి. రూపాయికి పదహారు అణాలు ఉన్నన్నాళ్ళూ ఈ నాలుగుల లెక్కకు పని ఉండింది. కాలు రూపాయి నాలుగు అణాలు, వీసం వంతు ఒక అణా. 1957లో రూపాయికి వంద నయాపైసలు వచ్చినాయి, ఆ వెనకే సేర్లు పోయి కిలోలు వచ్చినాయి. పదుల లెక్కకు చుక్క పెడితే చాలు.

ఆ రెక్క వ్యాపారికి ఇవ్వొద్దని నేను అన్నాను. ఒక రెక్క లేకుంటే 15,000 ఇస్తానన్నాడు ఆయన. ఆ తగ్గిన 7,000 నేనే ఇస్తానంటే చిన్నాయన తీసుకున్నాడు. ఆడబిడ్డ దగ్గర తీసుకుంటావా అని ఒకరిద్దరు అన్నారు, అది నాకు నచ్చలేదు. కొత్తింటికి సిమెంటు కొనాల్సినాయన, నాకు కావాల్సిన వస్తువుకు నేను డబ్బిచ్చినాను. ఇందులో తప్పేముంది? గడప మాత్రం ఎవరూ అమ్మనివ్వలేదు. పసుపు రాసి రాసి మధ్యలో అరిగిపోయిన ఆ గడప పెద్దమ్మ తీసుకుపోయి వాళ్ళ దేవుడింటికి వేయించుకుంది.

గడియారం చేయాలన్న ఆలోచన నాయనది. పలకను ఊరికే గోడకు ఆనిస్తే నాలుగు రోజులకు దాని మీద బట్టలు ఆరేస్తారు, పని చేసే వస్తువైతేనే ఇంట్లో నిలుస్తుంది అన్నాడు. నేను రాత ఉన్న పక్క ముందుకు పెట్టి, పైన ముల్లులు బిగిద్దామనుకున్నాను. వచ్చినోళ్ళంతా చూస్తారు, తాత రాత, తెలుగు అంకెలు, భిన్నాలు. ఫోటో పంపితే పెద్దమ్మ ఫోను చేసింది.

"ఏమే, ఊరోళ్ళ అప్పులు గోడకు తగిలిస్తావా? వాళ్ళ మనమలు మీ ఇంటికి కాఫీకొస్తే ఏం చూపిస్తావు?"

మాట నిజమే. పేర్లు రెండక్షరాలే అయినా ఊర్లో ఎవరెవరివో పెద్దమ్మ చిటికెలో చెప్పేసింది. చాలా పద్దుల మీద అడ్డంగా కొట్టేసిన గీత ఉంది, అంటే తిరిగొచ్చినాయి. రెండింటి మీద లేదు. అందులో ఒక ఇంటివాళ్ళు ఇప్పుడు బెంగళూరులో మాకన్నా పెద్ద ఇంట్లో ఉండారు, మా పాప పుట్టినరోజుకు వస్తారు. వాళ్ళ తాత రాగులు తిరిగిచ్చి ఉండొచ్చు, మా తాత గీత గీయడం మరిచి ఉండొచ్చు, వద్దులే అని వదిలేసి కూడా ఉండొచ్చు. రెండున్నర సేర్ల రాగులు. కానీ కరువు ఏడాది రెండున్నర సేర్లంటే ఏమిటో పెద్దమ్మకు తెలుసు, నాకు తెలీదు.

పేర్లు మాత్రం గీకేసి అంకెలు ఉంచుదామని మా ఆయన సలహా. అది నాకు అసలు మనసొప్పలేదు. ఎవరికి ఇచ్చినాడో తీసేసి, ఎంత ఇచ్చినాడో ఒక్కటే చూపిస్తే అది మా తాత గొప్ప చాటుకున్నట్టు ఉంటుంది.

తేల్చింది నాయనే. "తలుపు పగలంతా తెరిచే ఉంటుంది. తెరిస్తే లోపలి పక్క పోయి గోడకు ఆనుకుంటుంది, ఎవురికీ కనపడదు. రాత్రి గడియ పెట్టినాక ఇంట్లోవాళ్ళకే కనపడేది. అందుకే మా నాయన ఆ పక్క రాసినాడు. నువ్వు కూడా ఆ పక్క గోడకే పెట్టు."

అంతే. పొగ పట్టిన పక్క గోడకు, వీధికి ఉన్న పక్క హాలుకు.

ఇంక పని. మా అపార్ట్‌మెంటు దగ్గర వడ్రంగి ఒకాయన ఉండాడు, ఆయన కూడా కోలారు పక్కవాడే, తెలుగే. పలక ఏ చెట్టుదో తెలీక టేకు అనుకుంటా ఉంటిమి. ఆయన అంచులో చిన్న చివ్వ తీసి గాజు గ్లాసులో నీళ్ళు పోసి వేసినాడు. అరగంటకు నీళ్ళు టీ రంగు తిరిగినాయి, కిటికీ దగ్గర ఎండలో పెడితే అంచున నీలంగా మెరిసింది. "హొన్నె అక్కా ఇది," అన్నాడు. తెలుగులో వేగిస. చక్కెర జబ్బుకని గ్లాసులు చేసి అమ్ముతారే, ఆ మాను.

పలక వెడల్పు 28 సెంటీమీటర్లు, అడ్డపట్టీల మధ్య పొడుగు 90, మందం 3 సెంటీమీటర్ల పైన. గుండ్రంగా కోద్దామా అని అడిగినాడు. కోస్తే తాత లెక్క సగం పోతుంది. పలక పలకలాగే ఉండనీ, పైన మూడో వంతులో ముల్లులు, కింద ఖాళీ, అన్నాను. కింద గొళ్ళెం ఉంది, అది కూడా తీయలేదు. రందా పట్టొద్దంటే ఆయనకు మనసు రాలేదు. లోపల బంగారం రంగు ఉంటుందక్కా, ఒక్క పక్కన్నా తీస్తానన్నాడు. వద్దన్నాను.

వీధి పక్క ఆకుపచ్చ పెయింటు, దాని కింద నీలం, దాని కింద ఇంకేదో. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, పాత తలుపులు, కిటికీలు ఇంటికి తెచ్చుకునే వాళ్ళు వినండి. పాత ఆయిలు పెయింట్లలో సీసం ఉంటుంది. ఇండ్లకు వేసే పెయింట్లలో సీసం పది లక్షల పాళ్ళలో 90కి మించకూడదని మన దేశంలో రూలు అమలైంది 2017 నవంబరులో. అంతకు ముందువి ఏమున్నాయో చెప్పలేం. అట్లాంటిదాన్ని పొడిగా ఉప్పుకాగితంతో రుద్దితే ఆ పొడి ఇల్లంతా లేస్తుంది, చిన్నపిల్లలుంటే ఇంకా ప్రమాదం. అందుకని మేము రుద్దలేదు. మూతికి మాస్కు కట్టుకుని, తడి గుడ్డతో తుడిచి, పొరలు లేచినవి తడి మీదనే వేలితో ఊడదీసి, కాగితంలో చుట్టి పారేసి, మిగతాదాని మీద రంగులేని వార్నిషు రెండు పూతలు వేసినాం. పొగ పక్క ఏ పూతా వేయలేదు. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి వదిలేసినాం. జిడ్డు, మసే దాన్ని ఇన్నాళ్ళు కాపాడినాయి.

మేకుల సంగతి. పాత తలుపుల్లో విరిగిన మేకులు లోపల దాగి ఉంటాయి, ఉలి అంచు పోతుంది. స్పీకరులోంచి తీసిన పెద్ద అయస్కాంతాన్ని దారానికి కట్టి పలక మీద ఆడిస్తే ఎక్కడెక్కడ ఇనుముందో అక్కడ లాగుతుంది. తొమ్మిది దొరికినాయి. కమ్మరి కొట్టిన చదరం మేకులు, తల కూడా చదరమే. ఆ అయస్కాంతం పని అయినాక దూరంగా పెట్టేయాలి. గడియారం మిషనులో తిరిగేది కూడా చిన్న అయస్కాంతమే, పక్కన పెద్దదుంటే నిలిచిపోతుంది.

మిషను కోసం చిక్కపేట పోయినాను. మామూలు ప్లాస్టిక్ గడియారాల మిషనుకు ఇరుసు పొట్టిగా ఉంటుంది, పలచటి అట్టకు సరిపోయేంత. మన పలక 3 సెంటీమీటర్లు. మర గాడి 12 మిల్లీమీటర్లు ఉన్నది దొరికింది. మిషను పెట్టె 56 మిల్లీమీటర్ల చదరం. వడ్రంగి వెనక పక్క, రాత లేని పై భాగంలో 60 చదరం గాడి తొలిచి, ముందు పక్క 8 మిల్లీమీటర్ల చెక్క మిగిల్చినాడు. అంతకు తగ్గితే పాత మాను చీలుతుంది. నడిమధ్యన 8 మిల్లీమీటర్ల రంధ్రం. గాడి తొలిచేటప్పుడు కింద రాత మీద దళసరి అట్ట కప్పి టేపు వేసినాం. చివ్వలు రాలతా ఉంటే నాయన పక్కనే నిలబడి ఆ అట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు, పని అయిందాకా తీయలేదు.

ఆ మిషను లోపలి సంగతి నాకు భలే ఇష్టం. ఒక చిన్న స్ఫటికం ముక్క సెకనుకు 32,768 సార్లు కొట్టుకుంటుంది. ఎందుకు సరిగ్గా ఆ అంకె? అది రెండును పదిహేను సార్లు గుణిస్తే వచ్చేది. సగం, సగం, సగం అని పదిహేను సార్లు తగ్గించుకుంటా పోతే సెకనుకు ఒక్క దెబ్బ మిగులుతుంది, ఆ దెబ్బకు ముల్లు ఒక అడుగు కదులుతుంది. మా తాత నాలుగో వంతులు, నాలుగులో నాలుగో వంతులు గీసినాడు. ఇది సగాలు, సగంలో సగాలు చేస్తుంది. పదుల లెక్క రెండింటికీ పట్టలేదు.

ముఖం మీద ఏం పెట్టాలని ఇంట్లో చాలా రోజులు నడిచింది. పన్నెండు అంకెలూ తెలుగులో పెడితే అలంకారం ఎక్కువైపోతుంది. చివరకు పైన పన్నెండు చోట ౧౨ ఒక్కటే. మూడు దగ్గర ఒక నిలువు గీత, ఆరు దగ్గర రెండు, తొమ్మిది దగ్గర మూడు. నిమిషాల ముల్లు అక్కడికొస్తే కాలు, అర, ముక్కాలు. మా ఇంట్లో టైము చెప్పేదే అట్ల, ఏడుంకాలు, ఏడున్నర, ఏడుముక్కాలు. ఎవరికీ నేర్పాల్సిన పని లేకపోయింది. మిగిలిన ఎనిమిది గంటలకు పలకలోంచి పీకిన చదరం మేకుల తలలు కోసి దిగ్గొట్టినాం. తొమ్మిదోది నా డెస్కు మీద ఉంది.

గీతలకు వెదురు. మనకు పట్టుపురుగుల మేపు ఉండేది గదా, అటక మీద విరిగిన చంద్రికలు ఆరేడు మిగిలినాయి. ఇప్పుడంతా ప్లాస్టిక్ చంద్రికలే, వెదురువి ఎవరూ అడగరు. ఆ బద్దలు కోసి, వెనక జిగురు పూసి అతికించినాం; ఆరు బద్దలు చాలు. ౧౨కు మాత్రం వంపు కావాలి, వెదురు వంగదు. కాలిపోయిన బోరు మోటరు విప్పినప్పుడు వచ్చిన రాగి తీగ చిన్నాయన దాచి పెట్టింటే, దాన్ని మూడు పేటలు పురి వేసి వంచినాం. కోలారు సీమలో వెతక్కుండా దొరికేది కాలిపోయిన మోటరు తీగ ఒక్కటే. ముల్లులు మాత్రం పెండ్లిలో వచ్చి అటకెక్కిన ఒక ప్లాస్టిక్ గడియారానివి, తేలిక అల్యూమినియం, నల్ల రంగు వేసినాం. బరువు ముల్లులు అందంగా ఉంటాయి గానీ మామూలు మిషను మోయలేదు.

ముల్లులు మూడూ పన్నెండు దగ్గర ఒకదాని మీద ఒకటి పెట్టి బిగించాలి, మధ్యలో సందు ఉండాలి, మేకుల తలలకు తగలకూడదు. బిగించినాక గోడకు ఎక్కించకుండా పది రోజులు బల్ల మీద నిలబెట్టి పరీక్ష చేసినాను. అంటే ఫోను టైముతో పొద్దున, రాత్రి పోల్చి రాసుకోవడం. సగం అయిపోయిన సెల్లు కూడా వేసి చూసినాను. గడియారాలు ఎప్పుడూ తొమ్మిది పక్కనే ఎందుకు నిలిచిపోతాయో గమనించినారా? సెకన్ల ముల్లు ఎడమ పక్క పైకెక్కాలి, తొమ్మిది దగ్గర అది అడ్డంగా పడుకుని ఉంటుంది, బరువు అక్కడ ఎక్కువ లాగుతుంది. సెల్లు నీరసపడితే అక్కడే ఎగిరెగిరి పడతా ఉంటుంది, ఎక్కలేదు. మాది ఆ పరీక్ష బాగానే దాటింది.

అంతా కలిపి ఆరు కిలోల పైన తూగింది. మేకు ఒక్కటి కొట్టి తగిలించే వస్తువు కాదు. లోపలి పక్క పై అంచులో ఇనప గడియ ఉండింది. గడియ కమ్మీ తీసేసి, అది జారే రెండు ఇనప ఉంగరాలు అట్లే ఉంచినాం. గోడలో ప్లగ్గులు వేసి రెండు లావు స్క్రూలు బిగించి, ఆ ఉంగరాలే తగిలించినాం. ఉంగరాలు రెండు సెంటీమీటర్లు ముందుకు ఉంటాయి, కింద కూడా అంతే మందం చెక్క ముక్కలు పెడితే పలక గోడకు సమంగా నిలిచింది. ఆ సందు ఉండడం వల్ల రాత గోడకు రాసుకోదు, గాలి కూడా ఆడుతుంది. అరవై గడియలు ఒక దినమని పంచాంగంలో చదువుతాం, గడియారం అనే పేరు ఆ గడియ నుంచే. మాది తలుపు గడియ ఉంగరాల మీదే నిలబడి ఉంది. కన్నడంలో ఈ మాట చెప్పడానికి కుదరదు, అక్కడ తలుపుకుండేది చిలక. తెలుగు నాకు ఇట్లాంటివి అప్పుడప్పుడు ఉత్తపుణ్యానికి ఇస్తుంటుంది.

పక్కింటి కన్నడం ఆమె చూసి, కన్నడ అంకెలు పెట్టినారే అని చాలా సంతోషపడింది. నేను దిద్దలేదు. గుంటూరు అమ్మాయి కూడా అదే అంది, మీ కన్నడం వాళ్ళకు భాష మీద అభిమానం ఎక్కువ అని. ఆమెకు మాత్రం కూర్చోబెట్టి చెప్పినాను. అరగంట పట్టింది. ఆఖర్న తన పేరు కింద పుట్టిన సంవత్సరం తెలుగు అంకెల్లో ఎట్ల రాయాలని అడిగి రాయించుకుని పోయింది.

కొట్టేయని పద్దు ఇంటివాళ్ళు మొన్న మా పాప పుట్టినరోజుకు వచ్చినారు. వాళ్ళ పెద్దాయన ఆ గొళ్ళెం పట్టుకుని ఆడించి, "ఇది మీ ఇంటి వీధి తలుపు గదా, చిన్నప్పుడు దీన్ని కొట్టి కొట్టి మీ అవ్వ చేత తిట్లు తినేవాణ్ణి," అని నవ్వినాడు. నాయన కూడా నవ్వినాడు. పలక వెనక సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఆయనకు తెలుసో లేదో.

ఏడాదికొకసారి సెల్లు మార్చడానికి పలక దించాలి. అప్పుడు నాయన టార్చి తీసుకొస్తాడు. పాపకు ఇప్పటికి అయిదు దాకా అంకెలు, మూడు గీతలూ వచ్చినాయి.

మనవాళ్ళకు ఒక మనవి. హొసకోట, చింతామణి, బంగారుపేట పక్కల ఇంకా కొన్ని ఇండ్లు పడగొట్టేవి ఉన్నాయని విన్నాను. తలుపులు రందాకు పంపేముందు రాత్రిపూట దీపాలార్పి, టార్చిని పలకకు పక్కగా ఆనించి పట్టుకుని లోపలి పక్క ఒకసారి చూడండి. దూలాలు, ధాన్యం గదుల తలుపులు కూడా. గీతలు కనిపిస్తే అదే వెలుతురులో ఫోటో తీసి నాకు పంపండి. మొత్తం వేసి ఉంటే ఇంకా మంచిది, కూడి చూస్తాను.